సగంలో ఆగని ప్రాసెసర్

మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కడో ఒక ఫోల్డర్ ఉండే ఉంటుంది. దాని పేరు 'సీపీయూ'. పక్కనే 'సీపీయూ కొత్తది', ఆ పక్కన 'సీపీయూ ఫైనల్'. తెరిచి చూస్తే ఏఎల్‌యూ పూర్తయింది, రిజిస్టర్లు ఉన్నాయి, ఆప్‌కోడ్లు ఓ ముప్ఫై నలభై రాసి ఉన్నాయి. ఆ తర్వాత ఫైలు కదల్లేదు. పాత ప్రాసెసర్‌ని ఎఫ్‌పీజీఏ మీద మళ్లీ కట్టాలని ఎంతో ఇష్టంగా కూర్చున్నవాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. మీరూ ఆగారా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

ముందు ఒక మాట. మీరు ఆగిపోవడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు. 1975లో ఎంఓఎస్ టెక్నాలజీ కంపెనీలో చక్ పెడల్, బిల్ మెన్ష్ తదితరులు తయారుచేసిన 6502 ప్రాసెసర్‌నే తీసుకోండి. అందులో ఉన్నవి సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు. ఆ ఏడాది సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్కాన్ ప్రదర్శన జరిగినప్పుడు దాన్ని 25 డాలర్లకు అమ్మారు. ఆపిల్ 1, ఆపిల్ 2, కమొడోర్ పెట్, బీబీసీ మైక్రో, అన్నీ దాని మీద నడిచినవే. ఇవాళ మీ బల్ల మీదున్న చిన్న బోర్డుకి ఆ చిప్ బరువే కాదు. టాంగ్ నానో 9కే బోర్డులో 8,640 లుక్‌అప్ టేబుళ్లు ఉన్నాయి. పొదుపుగా రాసుకున్న 6502కి వెయ్యి, అటూ ఇటూగా చాలు. వేగమూ అడ్డు కాదు, ఆ కాలపు యంత్రాల్లో అది నడిచిందే 1, 2 మెగాహెర్ట్జ్ దగ్గర.

మరి ఎక్కడ చిక్కు పడుతోంది? 'అచ్చం అలాగే కట్టాలి' అనుకుంటాం గానీ, ఎంతవరకు అలాగే అన్నది తేల్చుకోం. ఇది మొదటి చిక్కు. రాసింది సరిగ్గా ఉందో లేదో మనకి మనమే తీర్పు చెప్పుకుంటాం. ఇది రెండోది. ఈ రెండూ సర్దుకుంటే మిగతాది ఓపికతో అయ్యే పని. అధ్యాయం పొడవునా 6502నే ఉదాహరణగా తీసుకుంటాను. దాని లోపలి నడక ప్రపంచానికి తెలిసినంతగా ఇంకే పాత ప్రాసెసర్ నడకా తెలియదు, మొదటిసారి కట్టేవాళ్లకి అంతకంటే మంచి ఎంపిక లేదని నా నమ్మకం.

ఈ పనికి విలువ ఉందా అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే వెనక్కి తగ్గకండి. 1976లో వచ్చిన జైలాగ్ జడ్80, దాదాపు యాభై ఏళ్లు ఆగకుండా తయారైన చిప్, దానికి కూడా 2024లో ఆర్డర్లు ఆపేశారు. పాత యంత్రాల్లో ఉన్న చిప్‌లు ఒక్కొక్కటే పాడవుతున్నాయి. వాటి ప్రవర్తనని రేపటివాళ్లు నడిపి చూడగలిగే రూపంలో రాసిపెట్టడం నిజంగా అవసరమైన పని.

1. ఎంతవరకు 'అచ్చం' కావాలో ముందే కాగితం మీద పెట్టండి

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం రాయండి: "నా 6502 ఈ స్థాయి వరకు అసలుదానిలా ఉంటుంది." స్థాయిలు స్థూలంగా నాలుగు.

మొదటిది ఇన్‌స్ట్రక్షన్ స్థాయి. ఒక ఆజ్ఞ ఇస్తే చివరికి రిజిస్టర్లలో, మెమరీలో, ఫ్లాగుల్లో రావాల్సినవి వస్తే చాలు. మధ్యలో ఎన్ని సైకిళ్లు పట్టాయన్నది పట్టించుకోం. బేసిక్ లాంటి ప్రోగ్రాములు నడపడానికి ఇది సరిపోతుంది.

రెండోది సైకిల్ స్థాయి. ఆజ్ఞ ఎన్ని సైకిళ్లు తీసుకోవాలో సరిగ్గా అన్నే తీసుకోవాలి. ఎందుకంత పట్టుదల అంటారా? ఆటారి 2600లో టీవీ తెర మీద ఒక్క గీత గీసే సమయానికి ప్రాసెసర్‌కి దొరికేవి 76 సైకిళ్లు. ఆటలు రాసినవాళ్లు వాటిని వేళ్ల మీద లెక్కపెట్టుకుని రాశారు. ఆపిల్ 2 డిస్క్ డ్రైవ్‌కి స్టీవ్ వోజ్నియాక్ చేసిన డిజైన్‌లో డిస్క్ మీద ఒక్కో బైట్ రాయడానికి 32 సైకిళ్లు, ఆ కాలాన్ని కొలిచేది కూడా ప్రోగ్రామే. మీ ప్రాసెసర్ ఒక్క సైకిల్ తక్కువ తీసుకున్నా అక్కడ డిస్క్ పాడవుతుంది.

మూడోది బస్ స్థాయి. ప్రతి సైకిల్‌లో అడ్రస్ తీగల మీద ఏ అంకె ఉంది, చదువుతోందా రాస్తోందా అన్నది కూడా కలవాలి. 6502 ఒక మెమరీ గడిలో విలువని ఒకటి పెంచమంటే, చదివిన పాత విలువని ముందు అదే చోట తిరిగి రాసి, మరుసటి సైకిల్‌లో కొత్త విలువ రాస్తుంది. పనికిరాని రాత అనిపిస్తుంది కదా? కమొడోర్ 64 ప్రోగ్రామర్లు ఆ మొదటి రాతతోనే వీడియో చిప్ ఇంటరప్ట్‌ని తుడిచేసేవారు. మీరు దాన్ని తీసేస్తే వాళ్ల ప్రోగ్రాములు ఆగిపోతాయి.

నాలుగోది పిన్ స్థాయి, అంటే పాత యంత్రంలోంచి చిప్ తీసేసి ఆ సాకెట్‌లో మీ బోర్డు పెట్టగలగడం. దాని సంగతి చివర్లో కొద్దిగా చెబుతాను.

నా సలహా: మూడో స్థాయిని ఎంచుకోండి. కష్టం అనుకుంటున్నారా? 6502లో ఊరికే కూర్చునే సైకిల్ అంటూ లేదు. ప్రతి సైకిల్‌లో అది చదువుతుంది, లేదా రాస్తుంది. కాబట్టి మీ స్టేట్ మెషీన్‌లో ఒక సైకిల్‌కి ఒక స్టేట్ చొప్పున పెట్టుకుని, ఆ స్టేట్‌లో బస్ మీద ఏముండాలో రాసుకుంటూ పోతే రెండో స్థాయి, మూడో స్థాయి ఒకేసారి వస్తాయి. ఇన్‌స్ట్రక్షన్ స్థాయిలో రాసేసి, తర్వాత సైకిళ్లు అతికిద్దాం అనుకున్నవాళ్లే మొత్తం చెరిపి మళ్లీ రాయాల్సి వస్తుంది. సగంలో ఆగిన ఫోల్డర్లలో చాలావాటి కథ ఇదే.

ఆ వాక్యంలో ఇంకొక్క వివరం చేర్చండి: ఏ 6502? 1976 మధ్య వరకు వచ్చిన చిప్‌లలో బిట్లని కుడికి తిప్పే ఆర్‌ఓఆర్ ఆజ్ఞ పనిచేయదు. నింటెండో గేమ్ యంత్రంలోని రికో 2ఏ03లో దశాంశ లెక్క లేదు. తర్వాత వచ్చిన 65సీ02లో కొన్ని పాత తప్పుల్ని దిద్దేశారు. అన్నిటి పేరూ 6502 కుటుంబమే, నడక మాత్రం ఒకటి కాదు.

2. మొదటి రోజు ఒక్క ఆజ్ఞ చాలు

డేటాషీట్ తెరిస్తే 56 ఆజ్ఞలు, వాటి రకరకాల రూపాలు కలిపి 151 ఆప్‌కోడ్లు కనిపిస్తాయి. మొదటి పేజీ నుంచి రాసుకుంటూ పోకండి. ఏ పనీ చేయని నాప్ ఆజ్ఞ ఒక్కటి రాయండి. దాని కోడ్ హెక్స్‌లో ఈఏ. ఇప్పుడు మెమరీ జోలికే పోకుండా, ప్రాసెసర్ ఏ అడ్రస్ అడిగినా ఈఏ అనే జవాబు వచ్చేలా డేటా తీగల్ని కట్టేయండి.

ఏం జరగాలి? రీసెట్ అయ్యాక 6502 మెమరీ చివర్లో ఉండే రెండు బైట్లు చదివి, అక్కడ రాసి ఉన్న అడ్రస్‌కి వెళుతుంది. రెండూ ఈఏలే కాబట్టి ఈఏఈఏ అనే అడ్రస్ నుంచి మొదలవుతుంది. నాప్‌కి రెండు సైకిళ్లు. అంటే అడ్రస్ రెండు సైకిళ్లకి ఒకటి చొప్పున పెరుగుతూ పోవాలి, చివరికి వెళ్లి సున్నా నుంచి మళ్లీ ఎక్కాలి. అడ్రస్ పై బిట్లని బోర్డు మీది ఎల్‌ఈడీలకి కలిపితే అవి లెక్కపెడుతున్నట్టు వెలుగుతాయి. పాత కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు అసలు చిప్ బతికుందో లేదో చూడటానికి చేసే పరీక్ష కూడా ఇదే.

ఇంత చిన్నదానికి సంబరపడొచ్చా? తప్పకుండా. క్లాక్, రీసెట్, ప్రోగ్రామ్ కౌంటర్, ఆజ్ఞని తెచ్చుకునే పద్ధతి అన్నీ సరిగ్గా ఉంటేనే ఆ దీపాలు కదులుతాయి. ఆ తర్వాత ఒక విలువని ఎత్తుకోవడం, దాన్ని మెమరీలో పెట్టడం, మొదటికి గెంతడం. ఈ మూడు ఆజ్ఞలతో నిజమైన ప్రోగ్రామ్ ఒకటి తిరుగుతుంది.

3. ఆప్‌కోడ్లని జాబితాగా చూడకండి

ఒక పెద్ద కేస్ బ్లాక్ పెట్టి 151 శాఖలు రాయడం చాలామంది చేసే పొరపాటు. ఎనభయ్యోది రాసేసరికి ముప్ఫయ్యోదాంట్లో ఏం చేశారో మర్చిపోతారు.

ఆప్‌కోడ్‌లోని ఎనిమిది బిట్లని మూడు, మూడు, రెండుగా విడదీసి చూడండి. చివరి రెండు బిట్లు 01 అయితే, మొదటి మూడు బిట్లు ఏ పనో చెబుతాయి: ఆర్, యాండ్, ఎక్స్‌క్లూజివ్ ఆర్, కూడిక, రాయడం, ఎత్తుకోవడం, పోల్చడం, తీసివేత. మధ్య మూడు బిట్లు ఆ విలువ ఎక్కడ దొరుకుతుందో చెబుతాయి. ఎనిమిది పనులు, ఎనిమిది చోట్లు. అంటే పదహారు విషయాలు రాస్తే అరవైకి పైగా ఆప్‌కోడ్లు పూర్తి. మిగతా గుంపుల్లో మినహాయింపులు ఎక్కువ, వాటికి కొంచెం ఓపిక పట్టాలి.

అసలు చిప్‌లో కూడా ఆజ్ఞల్ని విప్పి చదివేది 130 వరుసల డీకోడ్ పట్టిక. డేటాషీట్‌లో లేని మిగతా 105 కోడ్లు ఇస్తే ఏమవుతుందన్నదానికి జవాబు కూడా ఆ పట్టికలోనే ఉంది. కొన్ని కోడ్లకి ఒకేసారి రెండు ఆజ్ఞల వరుసలు పలుకుతాయి, అందుకే అవి రెండు పనుల కలగలుపులా ప్రవర్తిస్తాయి. పన్నెండు కోడ్లు మాత్రం రీసెట్ చేసేదాకా ప్రాసెసర్‌ని బిగిసిపోయేలా చేస్తాయి. వీటన్నిటినీ మొదటి విడతలో వదిలేయండి.

4. ఎఫ్‌పీజీఏ స్వభావానికి తగ్గట్టు రాయండి

అసలు 6502 రెండు దశల క్లాక్‌తో, లాచ్‌లతో కట్టిన ఎన్‌మాస్ చిప్. మీ చేతిలో ఉన్నది ఫ్లిప్‌ఫ్లాప్‌లతో, ఒకే క్లాక్ అంచుతో హాయిగా పనిచేసే చిప్. పాత సర్క్యూట్‌ని గీతకి గీత దించితే కుదరదు. బయటికి కనిపించే ప్రవర్తన పాతది, లోపలి కట్టుబడి కొత్తది. ఇది మనసులో పెట్టుకోండి.

ఎక్కువమందిని ఏడిపించేది మెమరీ. 6502 అడ్రస్ ఇచ్చిన సైకిల్‌లోనే, అది ముగిసేలోపు డేటా వచ్చేస్తుందని ఆశిస్తుంది. ఎఫ్‌పీజీఏలోని బ్లాక్ ర్యామ్ అలా ఇవ్వదు. క్లాక్ అంచు దగ్గర అడ్రస్‌ని పట్టుకుని, డేటాని ఆ అంచు తర్వాత ఇస్తుంది. మీరు అడ్రస్‌ని ఒక రిజిస్టర్‌లో పెట్టి పంపితే ఇంకో సైకిల్ ఆలస్యం. ఫలితంగా ప్రాసెసర్ ఒక ఆజ్ఞ అడిగి, దానికి ముందు అడిగినదాన్ని నడుపుతుంది. వేవ్‌ఫామ్ చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయి, ఏదీ సమయానికి ఉండదు.

దీనికి తేలికైన మందు ఉంది. టాంగ్ నానో బోర్డు మీద 27 మెగాహెర్ట్జ్ క్లాక్ ఉంటుంది. మొత్తం డిజైన్‌ని ఆ క్లాక్ మీదే నడపండి. ప్రతి 27 టిక్కులకి ఒక్కసారి మాత్రం ప్రాసెసర్‌కి 'కదులు' అని చెప్పే క్లాక్ ఎనేబుల్ ఇవ్వండి. ప్రాసెసర్ సరిగ్గా 1 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. మధ్యలో ఉన్న 26 టిక్కుల్లో మెమరీ తీరిగ్గా జవాబు ఇచ్చేస్తుంది. వేగం పెంచుకోవాలంటే 27ని తగ్గించుకుంటూ పోవచ్చు.

ఇక్కడే ఇంకో పొరపాటు పొంచి ఉంటుంది. కౌంటర్‌తో క్లాక్‌ని భాగించి, ఆ వచ్చిన సిగ్నల్‌నే ప్రాసెసర్‌కి క్లాక్‌గా ఇవ్వడం. సిమ్యులేషన్‌లో చక్కగా వస్తుంది. బోర్డు మీద ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. క్లాక్ ఒక్కటే ఉండాలి, ఎనేబుళ్లు ఎన్నయినా ఉండొచ్చు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. రెండు వైపులా నడిచే డేటా బస్‌ని చిప్ లోపల కట్టకండి, లోపలికి ఒకటి, బయటికి ఒకటిగా విడదీయండి. కేస్ రాసినప్పుడు డిఫాల్ట్ మర్చిపోతే మీరు అడగని లాచ్ పుడుతుంది, సింథసిస్ హెచ్చరికల్లో ఆ మాట కనిపిస్తే ఆగి సరిచేయండి. వెరిలాగ్‌లో క్లాక్ మీద నడిచే బ్లాక్‌లో నాన్‌బ్లాకింగ్ అసైన్‌మెంట్లే వాడండి.

ఒక సన్నివేశం ఊహించుకోండి. బీటెక్ మూడో ఏడాది కుర్రాడు, వీఎల్‌ఎస్‌ఐ ఉద్యోగంలో ఉన్న సీనియర్‌కి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, సిమ్యులేషన్‌లో వస్తోంది, బోర్డు మీద రావట్లేదు."

"టైమింగ్ రిపోర్టు చూశావా?"

"చూళ్లేదన్నా."

"రీసెట్ బటన్‌ని నేరుగా కలిపావా, సింక్రొనైజర్ పెట్టావా?"

"నేరుగానే కలిపాను."

"రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెట్టి దాని గుండా తీసుకురా. ర్యామ్‌లో ప్రోగ్రామ్ ఫైలు నిజంగా ఎక్కిందో లేదో చూడు. తర్వాత టైమింగ్ రిపోర్టు చదివి నాకు పంపు."

ఆ సీనియర్ ప్రాసెసర్ కోడ్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, గమనించారా? సిమ్యులేషన్‌లో నడిచి బోర్డు మీద నడవకపోతే మొదట వెతకాల్సింది టైమింగ్‌లో, రీసెట్‌లో, మెమరీ నింపడంలో. ఈ మూడూ చూడకుండా బాగా ఉన్న ఏఎల్‌యూని విప్పకండి.

5. ఫ్లాగుల దగ్గర నిదానించండి

విలువలు సరిగ్గా వస్తున్నాయి, అయినా ప్రోగ్రామ్ ఎక్కడో దారి తప్పుతోంది. అలాంటప్పుడు నూటికి తొంభై వంతులు అనుమానించాల్సింది ఫ్లాగుల్ని.

తీసివేతని విడిగా రాయకండి. రెండో సంఖ్య బిట్లన్నీ తిరగేసి కూడికకే పంపండి. అసలు చిప్ చేసేదీ అదే. అందువల్ల 6502లో క్యారీ 1 అంటే అప్పు తీసుకోలేదని అర్థం. 8085 అలవాటున్నవాళ్లు ఇక్కడ తికమక పడతారు, అక్కడ అర్థం దీనికి తలకిందులు.

ఓవర్‌ఫ్లో ఫ్లాగ్‌కి ఒక్కటే సూత్రం: కూడిన రెండు సంఖ్యల గుర్తూ ఒకటే అయి, ఫలితం గుర్తు వాటికి వేరుగా ఉంటే ఫ్లాగ్ 1. 80కి 80 కలిపితే 160 రావాలి, గుర్తున్న ఎనిమిది బిట్లలో అది మైనస్ 96లా కనిపిస్తుంది. ఈ ఒక్క ఉదాహరణతో మీ సర్క్యూట్‌ని పరీక్షించుకోవచ్చు.

బ్రేక్ ఫ్లాగ్ అని డేటాషీట్‌లో ఉంటుంది. దానికోసం ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టకండి. అది రిజిస్టర్‌లో ఎక్కడా లేదు. ఫ్లాగుల్ని స్టాక్ మీదకి నెట్టేటప్పుడు మాత్రమే పుడుతుంది: ప్రోగ్రామ్ నెట్టితే 1, హార్డ్‌వేర్ ఇంటరప్ట్ నెట్టితే 0.

ఇక దశాంశ లెక్క. ఆ మోడ్‌లో 99కి 1 కలిపితే అక్యుమ్యులేటర్‌లో 00 వస్తుంది, క్యారీ 1 అవుతుంది. మరి జీరో ఫ్లాగ్? 1 కావాలి కదా అనుకుంటాం. కాదు, 0గానే ఉంటుంది. పాత ఎన్‌మాస్ చిప్ ఆ ఫ్లాగ్‌ని మామూలు బైనరీ కూడిక ఫలితం చూసి నిర్ణయిస్తుంది. అది తప్పే. మీరు ఆ తప్పునీ తప్పులాగే కట్టాలి. పరోక్షంగా గెంతే ఆజ్ఞలో కూడా అంతే. గెంతాల్సిన అడ్రస్ ఒక పేజీ చివరి బైట్ దగ్గర మొదలైతే, రెండో బైట్‌ని తర్వాతి పేజీ నుంచి కాక అదే పేజీ మొదటి నుంచి తెస్తుంది. మీకు చేయి దురద పెడుతుంది, దిద్దేద్దామనిపిస్తుంది. దిద్దకండి. దిద్దితే అది 1975 చిప్ కాదు, మీ సొంత చిప్.

6. పరీక్ష పేపర్ మీరు తయారుచేయకండి

మీరు డేటాషీట్‌ని ఒకలా అర్థం చేసుకున్నారు. ఆ అర్థంతోనే కోడ్ రాశారు, ఆ అర్థంతోనే టెస్ట్‌బెంచ్ రాశారు. రెండూ కలవక ఏం చేస్తాయి? తప్పు రెండు చోట్లా ఒకటే అయినప్పుడు పరీక్ష ఎప్పుడూ పాసే. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

6502కి మంచి పరీక్షకులు ఉన్నారు. క్లాస్ డోర్మన్ రాసిన ఫంక్షనల్ టెస్ట్ మొదటిది. అది 6502 భాషలోనే రాసిన ప్రోగ్రామ్, మీ ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఒక్కో ఆజ్ఞనీ రకరకాల విలువలతో కుదిపి చూస్తుంది. తప్పు దొరికితే ఉన్నచోటే తిరుగుతూ ఆగిపోతుంది, ఆ అడ్రస్‌ని లిస్టింగ్‌లో వెతికితే ఏ ఆజ్ఞ చెడిందో తెలుస్తుంది. పూర్తి కావడానికి సుమారు 9.6 కోట్ల సైకిళ్లు పడుతుంది. వెరిలేటర్ అనే సిమ్యులేటర్‌లో నడిపితే మీ ల్యాప్‌టాప్‌కి ఇది పెద్ద పని కాదు.

అయితే ఆ టెస్ట్ సైకిళ్లని లెక్కపెట్టదు. దానికి టామ్ హార్ట్ పేరుతో తెలిసిన సింగిల్ స్టెప్ టెస్టులు ఉన్నాయి: 256 ఆప్‌కోడ్లకీ ఒక్కోదానికి పదేసి వేల పరీక్షలు. ప్రతి పరీక్షలో ముందు స్థితి, తర్వాతి స్థితి, మధ్యలో సైకిల్ సైకిల్‌కీ బస్ మీద ఏముండాలో రాసి ఉంటుంది. మూడో స్థాయి కావాలని రాసుకున్నారు కదా, మీ తీర్పు వీటి చేతుల్లోనే.

రెండిటి మధ్య సందేహం వస్తే? 2010లో గ్రెగ్ జేమ్స్, బ్యారీ సిల్వర్‌మన్, బ్రయన్ సిల్వర్‌మన్ 6502 చిప్‌ని విప్పి, లోపలి సిలికాన్‌ని ఫొటోలు తీసి, ట్రాన్సిస్టర్ ట్రాన్సిస్టర్‌గా సిమ్యులేషన్ చేశారు. దాని పేరు విజువల్ 6502. మీ చిన్న ప్రోగ్రామ్‌ని అందులో పెట్టి సగం సైకిల్ చొప్పున నడిపించి చూడొచ్చు. ఒక చిప్‌ని ఇంత ప్రేమగా, ఇంత బహిరంగంగా విప్పి పెట్టడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. డేటాషీట్ ఒకటి చెప్పి, విజువల్ 6502 ఇంకొకటి చెబితే, రెండోదాన్నే నమ్మండి.

రోజుకి ఒక ఆజ్ఞ రాసి, దాని పదివేల పరీక్షలూ పాస్ చేయించి, అప్పుడే రెండోదానికి వెళ్లే పద్ధతి పెట్టుకోండి. ఎంత పూర్తయిందో మీ ఊహ కాకుండా ఒక అంకె చెబుతుంది. సగంలో ఆగే జబ్బుకి నాకు తెలిసిన గట్టి మందు ఇదే.

"ఇప్పటికే రాసిన కోర్‌లు దొరుకుతున్నాయిగా, తీసుకుంటే పోలేదా?" అంటారా? మీకు కావలసింది పాత కంప్యూటర్ అయితే తీసుకోండి. టీ65, ఆర్లెట్ ఒటెన్స్ రాసిన కోర్ లాంటివి చాలామంది వాడుతున్నారు, లైసెన్స్ ఏమంటోందో చదివి వాడండి. మీకు కావలసింది ప్రాసెసర్ కట్టడం నేర్చుకోవడమైతే, మీది డోర్మన్ టెస్ట్ దాటేవరకు అవి తెరవకండి. దాటాక తప్పకుండా తెరవండి. మీరు వంద వరుసల్లో రాసింది ఇంకొకరు పదిలో ఎలా రాశారో అప్పుడే అర్థమవుతుంది.

7. ఒక యంత్రంలో పెట్టి నడిపించండి

టెస్టులు పాసైన ప్రాసెసర్‌ని ఒంటరిగా వదలకండి. 1976 నాటి ఆపిల్ 1లో ఉన్న వోజ్ మానిటర్ అనే ప్రోగ్రామ్ దీనికి సరైనది. మొత్తం 256 బైట్లు. కావలసినవి కొద్దిగా ర్యామ్, 256 బైట్ల రోమ్, ఒక సీరియల్ పోర్టు. కీబోర్డుకి, తెరకి కలిపి నాలుగు అడ్రస్‌లు, అంతే.

ఇక్కడ తగిలే ఇబ్బందులు ముందే తెలిస్తే ఒక సాయంత్రం మిగులుతుంది. కీబోర్డు నుంచి వచ్చే ప్రతి అక్షరానికీ పై బిట్ 1 ఉండాలి, మీ టెర్మినల్ అలా పంపదు, మీరే చేర్చాలి. చిన్న అక్షరాలు దానికి తెలియవు, పెద్దవిగా మార్చి ఇవ్వండి. తెరకి పంపే అడ్రస్‌ని చదివినప్పుడు పై బిట్ 0 వస్తేనే అది తర్వాతి అక్షరం పంపుతుంది. మొదట్లో ఆ అడ్రస్‌కి రాసే విలువ అక్షరం కాదు, పాత ఇంటర్‌ఫేస్ చిప్‌కి ఇచ్చే సెట్టింగ్, దాన్ని వదిలేయండి.

అన్నీ కుదిరితే రీసెట్ నొక్కగానే టెర్మినల్‌లో ఒక వాలుగీత వస్తుంది, కర్సర్ కింది లైన్‌కి దిగుతుంది. ఎఫ్‌ఎఫ్00 అని కొట్టి రిటర్న్ నొక్కండి. పక్కన డీ8 అని వస్తుంది. అది ఆ ప్రోగ్రామ్‌లోని మొదటి బైట్, దశాంశ మోడ్‌ని ఆపేసే ఆజ్ఞ.

8. అసలు సాకెట్‌లో పెట్టే ముందు

పాత యంత్రాలు 5 వోల్టులవి. ఇప్పటి ఎఫ్‌పీజీఏ పిన్నులు ఎక్కువగా 3.3 వోల్టులకి మించి ఓర్చవు. నేరుగా కలిపితే చిప్ పోతుంది. మధ్యలో 74ఎల్‌వీసీ245 లాంటి బఫర్లు పెట్టండి, వాటిని 3.3 వోల్టుల మీద నడిపితే 5 వోల్టుల సిగ్నల్‌ని తట్టుకుంటాయి. డేటా బస్ దిశ మార్చే క్షణంలో రెండు వైపులా ఒకేసారి తోయకుండా చూసుకోండి.

ఇదంతా అయ్యాక తర్వాత ఏది కట్టాలి? మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుకున్నవాళ్లకి నా సమాధానం 8085. 1976లో ఇంటెల్ తెచ్చిన ఈ చిప్ ట్రెయినర్ కిట్లు ఈసీఈ ల్యాబుల్లో ఇప్పటికీ అల్మారాల్లో కనిపిస్తాయి. దానిలో డేటాషీట్ చెప్పని ఆజ్ఞలు పది ఉన్నాయి. అడ్రస్ కింది సగం, డేటా ఒకే తీగల మీద వంతులవారీగా నడుస్తాయి, ఏది ఎప్పుడో ఏఎల్‌ఈ సిగ్నల్ చెబుతుంది. ఆ కిట్‌లో అసలు చిప్ ఉంది కాబట్టి పరీక్ష పేపర్ కూడా దాని నుంచే తీసుకోవచ్చు. ల్యాబ్ ఇన్‌చార్జి గారిని అడిగి, ఒక మధ్యాహ్నం కిట్‌కి పదహారు చానళ్ల లాజిక్ ఎనలైజర్ తగిలించండి. ఎనిమిది చానళ్లు అడ్రస్, డేటా కలిసిన తీగలకి, మిగతావి ఏఎల్‌ఈ, రీడ్, రైట్, ఐఓ, స్టేటస్ పిన్నులకి. క్లాక్‌ని కూడా వదలకండి. రీసెట్ వదిలిన క్షణం నుంచి మొదటి కొన్ని వందల సైకిళ్లు రికార్డు చేసి, పల్స్‌వ్యూ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి, ఫైలుగా దాచుకోండి. కిట్‌లోని మానిటర్ రోమ్‌ని కూడా ఒక కాపీ తీసుకోండి. మీ 8085 సిమ్యులేషన్‌లో అదే రోమ్ పెట్టి నడిపినప్పుడు, ఆ ఫైలుతో మొదటి తేడా ఏ సైకిల్‌లో వస్తుందో ఆ సైకిల్ నుంచి మీ పని మొదలవుతుంది.